ముగ్గు పోయకముందే మాట్లాడండి: పంచాయతీ చేత పచ్చని బడి కట్టించుకునే పద్ధతి

పంచాయతీరాజ్ ఇంజినీరింగ్‌లో ఏఈగా (అసిస్టెంట్ ఇంజినీరుగా) చేరి, రిటైరయ్యేదాకా మండలాల్లోనే తిరిగాను. కల్వర్టులు, రోడ్లు, వాటర్ ట్యాంకులు ఎన్నో కట్టించాను. వాటన్నిటిలో ఇప్పటికీ నా మనసును కలచివేసేది ఒక ప్రాథమిక పాఠశాల. నాలుగు గదులూ పడమటి మొహం. స్థలం పొడవు అలా ఉంది, డ్రాయింగ్ పైనుంచి వచ్చింది, మార్చి 31లోపు బిల్లు పెట్టాలి. ఊళ్ళో ఎవరూ అడగలేదు, నేను ఆగి ఆలోచించలేదు. జూన్‌లో బడి తెరిచిన వారం, ఇంకా వాన పడని రోజుల్లో, మూడు గంటలప్పుడు అటు వెళ్ళాను. పిల్లలు కిటికీల పక్క నుంచి లేచి ఎదుటి గోడకు చేరి కూర్చున్నారు. టీచరమ్మ కిటికీకి పాత చీర కట్టింది. కట్టేసిన గోడను ఇక ఎవరూ తిప్పలేరు.

అందుకే ఇది రాస్తున్నాను. పచ్చని బడి అంటే మిద్దె మీద సోలార్ పలకలు, గోడకు ఒక సర్టిఫికెట్ అనుకుంటాం. అసలు పని అంతకు చాలా ముందే తేలిపోతుంది. బడి ఎక్కడ కట్టాలి, ఏ దిక్కుకు తిప్పాలి, ఉన్న చెట్టును ఉంచాలా కొట్టాలా, వాన నీళ్ళు ఎటు పోవాలి? ఈ నాలుగు ప్రశ్నలకు జవాబు పంచాయతీ తీర్మానంలోనూ ఏఈ వేసే ఎస్టిమేట్‌లోనూ ఉంటుంది. ముగ్గు పోశాక అడిగితే ఎవరూ వినరు, విన్నా చేయగలిగింది కొంచెమే. మీరు తల్లిదండ్రులైనా, వార్డు మెంబరైనా, టీచరైనా, సర్పంచే అయినా ఈ క్రమంలో వెళ్ళండి.

1. ముందు ఒక రోజంతా బడిలో ఉండండి

కాగితం పట్టుకోకముందు ఈ పని చేయండి. పొద్దున ఎనిమిదికి, పన్నెండుకి, మూడుకి ఏ గోడ మీద ఎండ పడుతోందో ఫోనులో ఫోటో తీయండి. ఏ కిటికీలోంచి గాలి వస్తోంది, ఏది ఎప్పుడూ మూసే ఉంటోంది? పిల్లలు అన్నం తినడానికి ఏ చెట్టు కిందికి చేరుతున్నారు? వాన పడిన మర్నాడు మళ్ళీ వెళ్ళి నీళ్ళు ఎక్కడ నిలిచాయో చూడండి. పిల్లలు ఏ వాడల నుంచి, ఏ దారిలో, నడిచి వస్తున్నారా ఆటోల్లో వస్తున్నారా అన్నది కూడా రాసుకోండి.

మార్చి మధ్య నుంచి మనం ఒంటిపూట బడులు పెడుతున్నాం. అంటే మధ్యాహ్నం మన బడి గదుల్లో పిల్లలు కూర్చోలేరని ఏటా ఒప్పుకుంటున్నాం. ఎండ ఆకాశంలోంచే వస్తుంది, నిజమే. కానీ దాన్ని గదిలోకి పిలిచేది గోడ, కప్పు.

2. ఎవరి చేతిలో ఏముందో తెలుసుకోండి

బడి విద్యాశాఖది, మనకేం సంబంధం అనే సర్పంచులను చూశాను. 73వ రాజ్యాంగ సవరణతో వచ్చిన 11వ షెడ్యూల్‌లో పంచాయతీలకు అప్పగించదగినవిగా 29 అంశాలున్నాయి. ప్రాథమిక, మాధ్యమిక పాఠశాలలతో సహా విద్య అందులో ఒకటి. తాగునీరు, సామాజిక అడవులు, సంప్రదాయేతర ఇంధనం కూడా ఉన్నాయి. పచ్చని బడికి కావలసినవన్నీ ఆ ఒక్క జాబితాలో ఉన్నాయంటే పంచాయతీ పక్కకు తప్పుకోవడానికి దారి లేదు.

తల్లిదండ్రులకూ చట్టం చోటిచ్చింది. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు లేదా సంరక్షకులే ఉండాలి, సభ్యుల్లో సగం మంది ఆడవాళ్ళు కావాలి. 22వ సెక్షన్ ఆ కమిటీనే బడి అభివృద్ధి ప్రణాళిక రాయమంటోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నవంబర్ 14న మొదలైన నాడు-నేడు పనులు కాంట్రాక్టర్లకు ఇవ్వకుండా తల్లిదండ్రుల కమిటీల చేత చేయించారు. మొదటి విడతలోనే 15,715 బడులు. తెలంగాణలో 2022 మార్చిలో మొదలైన మన ఊరు మన బడి 26,065 బడులను లెక్కలోకి తీసుకుంది. 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీల పేరుతో పొదుపు సంఘాల మహిళలకు బాధ్యత ఇచ్చారు. పథకం పేరు ప్రభుత్వంతో పాటు మారుతుంది. కమిటీ, గ్రామసభ, ఎస్టిమేట్ అనే మూడు మెట్లు మారవు. మీరు పట్టుకోవలసింది వాటిని.

కలవవలసిన వాళ్ళు వరుసగా హెడ్మాస్టరు, పంచాయతీ కార్యదర్శి, ఏఈ, ఎంఈవో (మండల విద్యాధికారి), ఎంపీడీవో (మండల అభివృద్ధి అధికారి). ఆంధ్రలో సచివాలయం ఇంజినీరింగ్ అసిస్టెంటును మరచిపోవద్దు, సైటు మీద రోజూ కనబడేది ఆయనే. హెడ్మాస్టరు దగ్గర బడి యూడైస్ కోడు (దేశంలోని బడుల వివరాలుండే ప్రభుత్వ లెక్కల్లో మీ బడి నంబరు) రాసుకోండి. నిధుల లెక్కలన్నీ యూడైస్‌లో నమోదైన వివరాల మీదే నడుస్తాయి. అక్కడ ‘మరుగుదొడ్డి ఉంది’ అని పాత నమోదు మిగిలిపోతే, పాడైన దొడ్డికి ఎన్ని అర్జీలు పెట్టినా డబ్బు రాదు.

3. స్థలం: దీనిమీద గట్టిగా నిలబడండి

అన్నిటికంటే ఎక్కువ సమయం ఇక్కడ పెట్టండి.

మామూలుగా జరిగేది ఇది. ఊరి మధ్య బడికి చోటు చాలట్లేదు. ఒక పెద్దమనిషి ఊరవతల బైపాస్ పక్కన ఎకరం దానమిస్తానంటాడు. సభలో చప్పట్లు, శాలువా. ఏడాదిలో అక్కడ బడి లేస్తుంది. దాని కోసం పంచాయతీ రోడ్డు వేస్తుంది, కరెంటు స్తంభాలు పాతుతుంది, పైపులైను లాగుతుంది. ఆ రోడ్డుకు రెండు వైపులా మిగిలిన పొలం ప్లాట్లవుతుంది. దానమిచ్చిన ప్రతివాడూ ఈ లెక్కతోనే ఇస్తాడని నేననను, మనస్ఫూర్తిగా ఇచ్చినవాళ్ళనూ చూశాను. అయినా బడి ఎటు పోతే ఊరు అటు పాకుతుంది. పంట భూమి పోతుంది, వీధి దీపాల బిల్లు పెరుగుతుంది, చెత్త బండి ఇంకో రెండు కిలోమీటర్లు తిరగాలి. నడిచొచ్చే పిల్లలు ఆటో ఎక్కుతారు. ఆటోకు డబ్బుల్లేని ఇంటి ఆడపిల్ల ఏడో తరగతితో ఆగిపోతుంది.

పట్టణాభివృద్ధి చదివినవాళ్ళు దీన్నే స్మార్ట్ గ్రోత్ అంటారు. మన మాటల్లో చెప్పాలంటే ఊరు చెదరకుండా, నడక దూరంలో పెరగడం. విద్యాహక్కు నిబంధనలు ప్రాథమిక బడి 1 కిలోమీటరు లోపు, ప్రాథమికోన్నత బడి 3 కిలోమీటర్ల లోపు ఉండాలన్నది ఊరికే కాదు. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో 3, 4, 5 తరగతులను దగ్గరి హైస్కూళ్ళలో కలిపినప్పుడు తల్లులు రోడ్డెక్కింది ముఖ్యంగా ఈ దూరం గురించే.

కాబట్టి స్థలం చూసేటప్పుడు ఇలా చేయండి. బడీడు పిల్లలున్న ఇళ్ళను ఊరి పటం మీద చుక్కలు పెట్టండి. ఎస్సీ కాలనీ, తండా, ఊరి చివరి గుడిసెలు ముందు పెట్టండి, మరచిపోయేది వాటినే. చుక్కలు ఎక్కడ చిక్కగా ఉన్నాయో అక్కడికి నడక దూరంలో ప్రభుత్వ స్థలం, గ్రామకంఠం (ఊరి నివాసాలకు ఉన్న స్థలం), పాడుబడ్డ పంచాయతీ భవనం ఏదైనా ఉందా అని కార్యదర్శిని, రెవెన్యూ వాళ్ళను అడగండి. చోటు తక్కువైతే మొదటి అంతస్తు వేయొచ్చు. రెండంతస్తుల బడి పల్లెకు వింత కాదు. చిన్న తరగతులను కింద పెడితే సరిపోతుంది.

కొన్ని చోట్లు మాత్రం ఉచితంగా ఇచ్చినా వద్దనండి. చెరువు శిఖం భూమి (చెరువు నిండితే మునిగే నేల) వద్దు. పదేళ్ళు నీళ్ళు రాకపోయినా పదకొండో ఏడు వస్తాయి. వాగు ఒడ్డు వద్దు. హైటెన్షన్ లైను కింద, పెద్ద రోడ్డు దాటితే తప్ప చేరలేని చోట వద్దు. దానం భూమి తీసుకోక తప్పకపోతే ముగ్గు పోసే ముందే రిజిస్ట్రేషన్ చేయించండి. తెల్లకాగితం మీద సంతకాలతో కట్టిన బడి తరువాతి తరం వారసుల కోర్టు కేసుల్లో ఇరుక్కోవడం చూశాను.

4. పాత బడిని కూల్చే ముందు

పైకప్పు కారుతోందనగానే కూల్చేద్దాం అంటారు. కొత్త ఇటుక, సిమెంటు, ఇనుము తయారీకి ఎంత బొగ్గు కాలుతుందో ఆలోచిస్తే ఉన్న గోడను నిలుపుకోవడం కంటే పచ్చని పని లేదు. పాత రాతి గోడలు, సున్నం గోడలు మందంగా ఉండి ఎండను ఆపుతాయి. డీఈఈ (డిప్యూటీ ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు) చేత చూపించి, గోడలకు దిగుబాటు (కుంగడం), నిలువు పగుళ్ళు ఉన్నాయా లేక కప్పు మాత్రమే పోయిందా అని రాతపూర్వకంగా తీసుకోండి. కప్పు ఒక్కటే మారిస్తే చాలిన బడులు చాలా ఉంటాయి. శ్లాబులో ఇనుము తుప్పు పట్టి పెచ్చులూడుతుంటే మాత్రం మొహమాటపడకండి, ఆ గదికి ఆ రోజే తాళం వేయించండి.

5. గ్రామసభలో తీర్మానం రాయించండి

గ్రామ పంచాయతీ అభివృద్ధి ప్రణాళిక ఏటా తయారవుతుంది. మామూలుగా అక్టోబర్ 2 నుంచి దాని కోసం దేశమంతా ప్రచార కార్యక్రమం నడుస్తుంది. మీ పని ఆ ప్రణాళికలో ఎక్కకపోతే తరువాత డబ్బున్నా ఖర్చు పెట్టడం కష్టం. ప్రణాళికకు పెట్టుకున్న తొమ్మిది ఇతివృత్తాల్లో బాలల హిత గ్రామం ఒకటి, స్వచ్ఛ హరిత గ్రామం ఇంకొకటి. బడి రెండింటి కిందా వస్తుందని కార్యదర్శికి గుర్తు చేయండి.

సభకు వెళ్ళి ‘బడి బాగు చేయండి’ అంటే మినిట్సులో కూడా అంతే రాస్తారు. మాటలు మీరే రాసుకుని వెళ్ళండి. నేను ఇలా రాయిస్తాను:

“మన గ్రామ పాఠశాలకు నిర్మించబోవు అదనపు తరగతి గదులను ప్రస్తుత ఆవరణలోనే, తూర్పు పడమరలుగా పొడవుంచి, ఉత్తర దక్షిణ గోడలకు కిటికీలు వచ్చునట్లు నిర్మించాలని, ఆవరణలోని వేప, చింత చెట్లను తొలగించకుండా ప్లాను వేయాలని, పైకప్పు వాన నీటిని నిల్వ చేసి మిగిలినది ఇంకించు ఏర్పాటును, పైకప్పుపై తెల్లని చలువ పూతను, ర్యాంపును ఎస్టిమేటులోనే చేర్చాలని ఈ సభ ఏకగ్రీవముగా తీర్మానించడమైనది.”

‘ఎస్టిమేటులోనే’ అన్న మాట ముఖ్యం. ఎస్టిమేట్‌లో లేని పనికి బిల్లు రాదు, బిల్లు రాని పని ఎవరూ చేయరు. తీర్మానం నకలు తీసుకుని దగ్గర పెట్టుకోండి. ఇవ్వకపోతే సమాచార హక్కు కింద అడగండి. మన రాష్ట్రాల నిబంధనల్లో గ్రామ స్థాయి కార్యాలయానికి దరఖాస్తు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు.

6. డబ్బును ముక్కలుగా వెతకండి

ఒకే పద్దు నుంచి మొత్తం రాదు. ఏ పనికి ఏ డబ్బు పనికొస్తుందో చూసి కలపాలి.

గదులకు సమగ్ర శిక్ష (బడుల కోసం కేంద్రం నడిపే పథకం), రాష్ట్ర పథకాలు, ఎంపీ నిధులు. ఒక్కో ఎంపీకి ఏడాదికి 5 కోట్లు ఉంటాయి. నీటికి, మరుగుదొడ్లకు ఆర్థిక సంఘం గ్రాంట్లు. 15వ ఆర్థిక సంఘం కాలంలో 2021-22 నుంచి పంచాయతీ గ్రాంటులో 60 శాతం పారిశుధ్యానికి, తాగునీటికి, వాన నీటి సంరక్షణకే కట్టిపెట్టారు. ఆ డబ్బు ఏటా మురుగు కాలువలకే పోయిన ఊళ్ళలో బడి ట్యాంకు, ఇంకుడు గుంత ఎవరికీ గుర్తుకు రాలేదు. ఇప్పుడు ఏ నిష్పత్తి నడుస్తోందో కార్యదర్శిని అడిగి, బడి పేరు ఆ పద్దులో రాయించండి.

మొక్కలు, ఇంకుడు గుంతలు, ఆటస్థలం చదును ఉపాధి హామీ కూలీలతో అవుతాయి. ఎంపీడీవో ఆఫీసులో ఆ పనులు చూసే ఏపీవోను, ఊళ్ళో ఫీల్డ్ అసిస్టెంటును అడిగి ఈ ఏటి పనుల జాబితాలో బడి ఆవరణను పెట్టించండి. తెలంగాణ వాళ్ళకు ఇంకో పట్టు ఉంది. 2018 పంచాయతీరాజ్ చట్టం పంచాయతీ బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి కేటాయించమంది, నాటిన మొక్కల్లో 85 శాతం బతకాలంది, ఊరికో నర్సరీ పెట్టించింది. ఆ నర్సరీ నుంచి మీ బడికి మొదటి మొక్కలు ఎందుకు రాకూడదు?

చిన్న మరమ్మతులకు బడికి ఏటా వచ్చే కాంపోజిట్ గ్రాంటు ఉంటుంది. 31 నుంచి 100 మంది పిల్లలున్న బడికి 25,000, 101 నుంచి 250 దాకా 50,000 రూపాయలు పరిమితి. కుళాయి వాషర్లకు, పైకప్పు సున్నానికి ఇది చాలు. పక్కన ఫ్యాక్టరీ ఉంటే 2013 కంపెనీల చట్టం కింద సీఎస్ఆర్ (కంపెనీలు సమాజం కోసం పెట్టే డబ్బు) అడగొచ్చు. వాళ్ళ దగ్గరికి ఎస్టిమేట్ కాపీతో వెళ్ళి ‘ఈ పది ఫ్యాన్లు, ఈ ట్యాంకు’ అని చూపించండి. ‘ఏదైనా సాయం చేయండి’ అంటే బ్యాగులూ టోపీలూ ఇచ్చి ఫోటో తీసుకుని వెళ్తారు.

7. డ్రాయింగ్ మీద కూర్చోండి

టైపు డిజైను అని ఒకటి వస్తుంది, అంటే అన్ని ఊళ్ళకూ ఒకే డ్రాయింగ్. దాన్ని సైటుకు తగ్గట్టు తిప్పుకునే అవకాశం ఉంటుంది, అడగాలి అంతే. నేను ఆ రోజు అడగలేదు.

గదులు ఒకే వరుసలో, తూర్పు పడమరలుగా సాగాలి. తూర్పు, పడమర గోడలకు కిటికీలు వద్దు. దక్షిణపు ఎండ పైనుంచి వస్తుంది. మన దగ్గర డిసెంబర్‌లో కూడా మిట్టమధ్యాహ్నం సూర్యుడు దాదాపు 50 డిగ్రీల ఎత్తులో ఉంటాడు కాబట్టి, రెండడుగుల సజ్జ కింద రెండడుగులకు పైగా గోడ నీడలో ఉంటుంది. పడమటి ఎండ అలా కాదు, అడ్డంగా దూరుతుంది. దానికి సజ్జ పనిచేయదు. పడమటి చివర మెట్లు, స్టోరు గది, మరుగుదొడ్లు పెట్టండి, ఆ ఎండ దెబ్బ వాటికి తగలనీయండి. ఒంటిపూట బడి రోజుల్లో పొద్దుటి తూర్పు ఎండ కూడా తక్కువేం కాదు. అందుకే తూర్పు గోడ కూడా మూసి ఉంచమంటున్నాను.

ఇక్కడ వాస్తు మాట వస్తుంది, తప్పదు. గుమ్మం తూర్పుకే ఉండాలని పెద్దలంటారు. వాళ్ళతో వాదించవద్దు. ఆవరణ గేటు తూర్పున పెట్టించండి, గదుల గుమ్మాలు ఉత్తరపు వరండాలోకి తెరవండి. ఉత్తర గుమ్మానికి ఎవరూ అభ్యంతరం చెప్పరు, దక్షిణపు కిటికీలకు సజ్జ వస్తుంది, గాలి అటూ ఇటూ ఆడుతుంది. చాలా ఊళ్ళలో ఈ సర్దుబాటు కుదిరింది.

కిటికీల వైశాల్యం మొత్తం కలిపి గది నేలలో ఆరో వంతుకు తగ్గకుండా చూడండి. 400 చదరపు అడుగుల గదికి సుమారు 67 చదరపు అడుగులు, అంటే నాలుగడుగుల చదరపు కిటికీలు నాలుగైనా, పైన వెంటిలేటర్లు. ఎదురెదురు గోడలకు ఉండాలి, ఒకే వైపు ఎన్ని పెట్టినా గాలి రాదు. కిటికీ అడుగు అంచు కూర్చున్న పిల్లల తల మీదికి కాక మొహం ఎత్తుకు రావాలి. పెద్దవాళ్ళ నడుము ఎత్తులో పెడితే ఒకటో తరగతి పిల్లలకు గాలి తగలదు. ర్యాంపు వాలు 12 అడుగుల పొడవుకు 1 అడుగు ఎత్తు మించకూడదు. నిట్టనిలువుగా కట్టిన ర్యాంపుల మీద చక్రాల కుర్చీ ఎక్కదు, వాన పడితే అందరూ జారతారు.

8. పైకప్పు, గోడలు

గది వేడిలో ఎక్కువ భాగం మిద్దె నుంచే దిగుతుంది. తెల్ల సున్నం రెండు పూతలు వేసినా లోపల రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. చలువ పెయింటు ఎక్కువ కాలం ఉంటుంది, సున్నం ఏటా ఫిబ్రవరిలో వేసుకోవాలి. తెలంగాణ 2023 ఏప్రిల్‌లో చలువ పైకప్పుల విధానం తెచ్చింది. అందులో ప్రభుత్వ భవనాలకు ఇది తప్పనిసరి. బడి ప్రభుత్వ భవనమే కదా, ఆ మాట ఎస్టిమేట్ వేసేటప్పుడు ఏఈకి గుర్తు చేయండి. మున్సిపాలిటీల్లో ఉన్నవాళ్ళు కమిషనరు దగ్గర కూడా ఇదే ఎత్తాలి. వంటగదికి, సైకిల్ షెడ్డుకు ఆస్బెస్టాస్ రేకులు వేయనివ్వకండి.

గోడలకు బొగ్గు విద్యుత్ కేంద్రాల బూడిదతో చేసే ఫ్లైయాష్ ఇటుకలు వాడండి. రామగుండం, కొత్తగూడెం, ఇబ్రహీంపట్నం, ముద్దనూరు, సింహాద్రి చుట్టుపక్కల తేలిగ్గా దొరుకుతాయి. ఎర్ర ఇటుక కోసం పొలం పైమట్టి కోస్తారు, కట్టెలు కాలుస్తారు. ఫ్లైయాష్ ఇటుకను బట్టీలో కాల్చే పనే లేదు. నేలకు తాండూరు, బేతంచెర్ల, కడప బండలు దగ్గర్లో ఉండగా దూరపు టైల్స్ ఎందుకు? టైల్స్ మీద నీళ్ళు పడితే పిల్లలు జారుతారు కూడా.

9. నీళ్ళు

లెక్క తేలిక. కప్పు వైశాల్యం చదరపు మీటర్లలో, ఏడాది వాన మీటర్లలో గుణించి, అందులో 80 శాతం తీసుకోండి. 150 చదరపు మీటర్ల కప్పు మీద 900 మిల్లీమీటర్ల వాన పడితే 1,08,000 లీటర్లు చేతికొస్తాయి. అనంతపురంలా 550 మిల్లీమీటర్లు పడే చోట కూడా 66,000 లీటర్లు. నల్గొండ, ప్రకాశం ఫ్లోరైడ్ ఊళ్ళ వాళ్ళకు చెప్పనక్కర్లేదు గానీ చెప్తాను, కప్పు మీద పడిన వానలో ఫ్లోరైడ్ ఉండదు. బోరు నీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే పిల్లల పళ్ళు, ఎముకలు దెబ్బతింటాయి. అలాంటి ఊళ్ళో మూసిన ట్యాంకులో వాన నీరు పట్టుకోవడం సరదా కాదు, వైద్యం.

మొదటి వాన నీటిని బయటికి వదిలే పక్క గొట్టం, కంకర, ఇసుక, బొగ్గు పొరల వడపోత, ట్యాంకుకు దోమలు దూరని జాలీ ఉండాలి. తాగే ముందు క్లోరిన్ వేయండి. మిగిలిన నీరు ఇంకుడు గుంతకు. గుంత పునాదికి కనీసం ఐదు మీటర్లు, మరుగుదొడ్డి గుంత బోరుకు కనీసం పది మీటర్లు దూరంగా ఉండాలి. నల్లరేగడిలో నీళ్ళు సరిగా ఇంకవు, అక్కడ గుంత తవ్వి మోసపోకుండా నిల్వ ట్యాంకునే పెద్దది చేయండి. చేతులు కడిగిన నీళ్ళు అరటి, మునగ పాదులకు పోయేలా కాలువ తీస్తే మధ్యాహ్న భోజనానికి కూర కూడా వస్తుంది.

10. కరెంటు

దీని గురించి తక్కువే చెప్తాను, ఎందుకంటే గాలి వెలుతురు ఉన్న బడికి కరెంటు తక్కువే కావాలి. పాత ఫ్యాను 70, 75 వాట్లు తింటుంది, కరెంటు తక్కువ తినే కొత్త రకం బీఎల్‌డీసీ ఫ్యాను దాదాపు 30 వాట్లు. ముందు అవి మార్చండి, తరువాత సోలార్ లెక్క వేయండి. 1 కిలోవాటుకు దాదాపు 100 చదరపు అడుగుల మిద్దె కావాలి, రోజుకు నాలుగు యూనిట్ల దాకా వస్తుంది. సెలవుల కరెంటు వృథా పోకుండా నెట్ మీటరు (మిగిలిన కరెంటును లైనులోకి పంపి లెక్కగట్టేది) పెట్టించండి. ఇవి చూసే ప్రభుత్వ సంస్థలు ఆంధ్రలో ఎన్‌ఆర్‌ఈడీక్యాప్ (పాత పేరు నెడ్‌క్యాప్), తెలంగాణలో రెడ్కో. వాళ్ళను సంప్రదించాలి.

11. పని జరిగేటప్పుడు

కమిటీలోంచి ఇద్దరు తల్లులను సైటు చూడటానికి పెట్టండి. క్యూరింగ్ (కట్టిన సిమెంటు గట్టిపడేలా నీళ్ళతో తడపడం) అంటే ఏంటో మేస్త్రీ కంటే బాగా వాళ్ళకు తెలుస్తుంది, నీళ్ళు మోసేది వాళ్ళే కాబట్టి. శ్లాబుకు నీళ్ళు కట్టారా, సజ్జ రెండడుగులు వచ్చిందా, కిటికీ ఎత్తు డ్రాయింగ్ ప్రకారం ఉందా అని టేపు పెట్టి కొలిచి పుస్తకంలో రాయాలి. ఎం-బుక్‌లో (బిల్లుకు ఆధారమైన కొలతల పుస్తకంలో) ఏఈ కొలతలు రాసే రోజు మీరూ అక్కడ ఉండండి. సైటు మీద ‘చోటు లేదు, ఆ వేపచెట్టు కొట్టేస్తే పనవుతుంది’ అన్న మాట తప్పకుండా వస్తుంది. అప్పుడు తీర్మానం నకలు బయటికి తీయండి. చెట్టు కొట్టాలంటే 2002 వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం కింద అనుమతి కావాలన్నది కూడా చెప్పండి.

12. చెట్లు, తాళంచెవి

పడమటి గోడకు 15 అడుగుల దూరంలో కానుగలు వరుసగా నాటండి. కానుగ త్వరగా పెరుగుతుంది, పశువులు పెద్దగా ముట్టవు, దాని నీడ చిక్కగా, చల్లగా ఉంటుంది. దక్షిణాన వేప, నేరేడు. అన్నాలు తినే చోట చింత, మీ మనవళ్ళు దాని కింద కూర్చుంటారు. కోనోకార్పస్ వద్దు, ఏడాకుల చెట్టు బడి కిటికీ పక్కన వద్దు, పూసిన కాలంలో ఆ వాసనకు తలనొప్పులొస్తాయి.

మొక్కలు చచ్చేది మే నెలలో, బడికి తాళం వేసి ఉన్నప్పుడు. కాబట్టి ఏప్రిల్ 23లోపే కమిటీ కూర్చుని, సెలవుల్లో గేటు తాళంచెవి ఎవరి దగ్గర ఉంటుంది, వారానికి ఏ రెండు రోజులు పంచాయతీ ట్యాంకరు వస్తుంది, ఏ చెట్టుకు ఎవరు నీళ్ళు పోస్తారు అని పేర్లతో రాసి, ఒక కాగితం పంచాయతీ ఆఫీసులో, ఇంకొకటి బడి గేటుకు అంటించండి.